సుంకమ్మ కూర్చున్న గడప

అనగా అనగా, రాళ్లింకా మెత్తగా ఉన్న రోజుల్లో, ఒక కోట ఊరు. అక్కడ సుంకమ్మ మేక కాళ్లు కాల్చి, ఎముకలు కొట్టి అమ్ముకునేది. ఆమెకు ఒక్కతే కూతురు, ఓబులక్క.

ఆ పిల్ల పాలిపోయింది. ముట్టుకుంటే చాలు, ఒళ్లంతా నీలి మచ్చలు. చిగుళ్ల నుంచి నెత్తురు. దానికి మందు కోట వైద్యుడి దగ్గర ఉంది. కానీ ఎముకలోకి సూది దించి, మూలుగలో రోగాన్ని కంటితో చూస్తేనే ఆయన మందిస్తాడు. అది వాళ్ల తాతల నాటి కట్టుబాటు.

మొదటిసారి తుంటి ఎముకలో దించాడు. ఏమీ రాలేదు.

"నీ పిల్ల కదిలింది. పో."

చూశారా, తప్పు పిల్లదట. సుంకమ్మ పోయింది.

రెండోసారి అదే తుంటి. ఏమీ రాలేదు.

"దీనికి సరిగా తిండి పెట్టలేదు నువ్వు. పో."

ఈసారి తప్పు తల్లిది. సుంకమ్మ పళ్లు కొరుక్కుంటూ పోయింది.

మూడోసారీ అదే తుంటి. పిల్లకు అరిచే ఓపిక కూడా లేదు. ఏమీ రాలేదు.

"మూలుగ రాలేదంటే రోగం లేనట్టే. పో."

సుంకమ్మ పోలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని వైద్యుడి గడపకు అడ్డంగా కూర్చుంది.

"సామీ, పుట్టినకాడి నుంచి ఎముకలు కొడతాండా. జబ్బు ముదిరిన మేకకు ఒక ఎముకలో మూలుగ చచ్చి, ఎండి పొట్టయిపోతాది. ఇంకో ఎముక కొడితే ఉంటాది. రాలేదంటే రోగం లేదని కాదు, రోగం దాన్ని తినేసిందని. రొమ్ము ఎముకలో చూడు."

"ఎముకలు కొట్టుకునేదానివి, నాకు చెబుతావా?"

"చెబుతా. నువ్వు చూసేదాకా లెయ్యను."

ఒక పూట లేవలేదు. రెండో పూటా లేవలేదు. ఆమెను దాటి భోజనం లోపలికి పోలేదు. మూడో పూటకు వైద్యుడు ఆకలికి తాళలేక, తిట్టుకుంటూ రొమ్ము ఎముకలో సూది దించాడు. మూలుగ వచ్చింది. నిండా రోగమే.

మందిచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. తొమ్మిదో రోజు ఓబులక్క పోయింది.

సుంకమ్మ బిడ్డను మట్టి చేసి, నేరుగా వచ్చి అదే గడపలో కూర్చుంది. బతికినన్నాళ్లూ కూర్చుంది. ఆయన ఎవర్ని ఉత్తి చేతులతో తిప్పి పంపినా, "ఇంకోచోట చూసినావా సామీ?" అని నిలదీసేది. వైద్యుడు ఈసడించుకునేవాడు. అయినా చూడక తప్పేది కాదు. అలా ఎందరో బిడ్డలు బతికారు, ఆమె బిడ్డ తప్ప.

ఇప్పటికీ ఆ సీమలో వైద్యుడు "ఏమీ కనబడలేదు, పోండి" అంటే, రోగి తాలూకు వాళ్లు బతిమాలరు. గడపకు అడ్డంగా కూర్చుంటారు. "ఎవరు మీరు?" అని గద్దిస్తే, ఆడా మగా, ముసలీ ముతకా, అందరిదీ ఒకటే జవాబు.

"సుంకమ్మ."