వెండెమ్మకు కుదిరిన విమానం

సముద్రానికి దగ్గర్లో ఒక ఉప్పునీటి మడుగు ఉండేది. ఏటా చలికాలం మొదట్లో మంచుకొండల అవతలి నుంచి బాతులు వందలుగా వచ్చి అక్కడ దిగేవి. ఎండలు ముదరకముందే తిరిగి వెళ్ళిపోయేవి. ఆ ఏడు వెండెమ్మ అనే బాతు మాత్రం వెళ్ళేలా లేదు. కరెంటు తీగ తగిలి దాని ఎడమ రెక్క విరిగింది. ఎముక అతుక్కుంది గాని, వంకరగా అతుక్కుంది. ఎంత కొట్టుకున్నా మనిషెత్తు లేచి మళ్ళీ నేల మీద పడుతోంది.

"నేనూ ఉండిపోతాలే," అన్నాడు మగడు మల్లన్న.

"ఉండి? వైశాఖంలో ఈ నీళ్ళుండవు. ఇద్దరం మాడిపోతాం."

ఈ మాటలు తుంగలో పడుకున్న గవరయ్య అనే నక్క చెవిన పడ్డాయి. మడుగు పక్కనే ఒక రొయ్యల ఆసామి తన సొంత జెట్ విమానం కోసం రన్‌వే వేయించుకున్నాడు. గవరయ్య కాపురం దాని చుట్టూ ఉన్న కంచె కిందే. మర్నాడు వెండెమ్మ ఒంటరిగా మేస్తుంటే, నక్క వచ్చి దూరంగా కూర్చుంది.

"ఎగరలేకపోతే ఏం చెల్లీ, ఎక్కి వెళ్ళొచ్చు. ఆసామి విమానం ఉత్తరానికే పోతుంది."

"మమ్మల్ని ఎవరెక్కిస్తారన్నా?"

నక్క దాన్ని తుంగలోంచి తీసుకెళ్ళి చూపించింది. కారు నేరుగా విమానం మెట్ల దగ్గరికొచ్చి ఆగింది. వరుస లేదు, సోదాలు లేవు. ఆసామి భార్య చంకలో బొచ్చుకుక్కతో ఎక్కింది. పైలట్ ఆ కుక్కకి కూడా నమస్కారం పెట్టాడు.

"చూశావా? పైలట్ నాకు రోజూ అన్నం పెడతాడు. నా మాట కాదనడు. మొదటిసారి గనక కొన్ని సంగతులు తెలుసుకో. బరువు ముందే చెప్పాలి. ఇంత బక్కగా ఉంటే విమానం ఒరుగుతుందట, వారం రోజులు బాగా మెయ్యి. బయల్దేరే ముందు వస్తే చాలు, గంటలు కాసుక్కూర్చోనక్కర్లేదు. దారి పెద్ద గేటు కాదు, కంచె కింద తూము. ఊరంతా చెప్పుకోకు, ఇలాంటి ప్రయాణాలు గుట్టుగా సాగుతాయి."

రెక్క విరిగిన మూడు నెలల్లో మొదటిసారి వెండెమ్మకు గుండె తేలికపడింది. సాయంత్రం మగడికి చెప్పింది.

"నక్కకి మన మీద ఇంత ప్రేమెందుకు?" అన్నాడు మల్లన్న.

"కుక్క ఎక్కడం నా కళ్ళతో చూశాను."

మల్లన్న నక్క దగ్గరికి వెళ్ళి, "నేనూ దానితో ఎక్కుతా," అన్నాడు.

"ఒక్కరికే చెప్పాను బావా. రెక్కలు బాగున్నవాడివి, నీకెందుకు? నువ్వు మందతో ముందే వెళ్ళిపో. నీ మూలంగా ఆమె చోటు కూడా పోతుంది."

మల్లన్న రెండు రోజులు తిండి ముట్టలేదు. చివరికి వెండెమ్మే కోప్పడింది. "నీ అనుమానంతో నన్నిక్కడ చంపుతావా? మందతో వెళ్ళు. మన పాత గూటి దగ్గర నేల చదును చేసి ఉంచు. నీకంటే నేనే ముందు దిగుతాను."

మంద లేచింది. మల్లన్న మూడుసార్లు వెనక్కి తిరిగొచ్చి మడుగు చుట్టూ తిరిగాడు. వెండెమ్మ మెడ చాచి, వెళ్ళమన్నట్టు అరిచింది. ఆ తర్వాత ఆకాశంలో ఏమీ కనిపించలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గవరయ్య దాన్ని తూములోకి తీసుకెళ్ళింది. అవతలి కొసన ఇనప జాలీ ఉంది. దాని సందుల్లోంచి తెల్లటి విమానం కనిపిస్తోంది. కాసేపటికి ఇంజిన్లు మొదలై, తూము అదిరింది.

"అన్నా, బయల్దేరుతోంది. ఈ జాలీ ఎవరు తీస్తారు?"

వెనక నక్క తూముకి అడ్డంగా కూర్చుంది. "అది తెరిచేది కాదు."

"మరి నన్నెలా ఎక్కిస్తారు?"

"నిన్నెక్కించుకునే విమానం ఏదీ లేదమ్మా."

వెండెమ్మ జాలీకి వీపు ఆనించి నిలబడింది. "మల్లన్నకి ఏం చెప్తావు?"

"వచ్చే చలికాలం వరకు ఏమీ చెప్పక్కర్లేదుగా. అందుకే కదా అతన్ని మందతో ముందే వెళ్ళమన్నది."

వెండెమ్మ మంచి రెక్కతో నక్క మొహం మీద బలంగా కొట్టింది. ముక్కు చిట్లి నెత్తురొచ్చింది. వెండెమ్మ గట్టిగా అరిచింది కూడా. మడుగులో కొంగలున్నాయి, గేటు దగ్గర కాపలావాడున్నాడు. ఇంజిన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. గవరయ్య ఆ వేళను ఎంచుకున్నది దానికే. విమానం నేల వదిలేసరికి తూములో అలికిడి లేదు.

మంచుకొండల అవతల మల్లన్న పాత గూటి దగ్గర నేల చదును చేశాడు, మెత్తటి గడ్డి పరిచాడు. మిగతా జంటలు గుడ్లు పెట్టాయి, పిల్లల్ని ఈదించాయి. ఎవరైనా అడిగితే, "విమానం ఆలస్యమైనట్టుంది," అనేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. నీళ్ళు అంచుల్లో గడ్డకట్టి మంద తిరుగుప్రయాణానికి లేచినప్పుడు, మల్లన్న ఆ గడ్డిని కాళ్ళతో చెదరగొట్టి అందరికంటే చివర ఎగిరాడు.

నీతి: సాయం చేస్తానంటూ ముందుగా నీవాళ్ళని దూరం పంపమనేవాడు సాయానికి వచ్చినవాడు కాదు.