బండిలో దోషం లేదన్న మాట

ఎరకన్నకి అన్నం సయించడం లేదు. కారణం ఒక ముసలి జీపు. కొండ మీద కాఫీ గింజలు కొనే సత్తిబాబుది. దానికి బుద్ధి పుట్టినప్పుడు ఆగిపోవడం అలవాటైంది. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ దగ్గుతుంది, తడబడుతుంది, నోరు మూసుకుంటుంది. ఓ చుట్ట కాల్చుకునేంతసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. షెడ్డుకి తెచ్చారా, పెళ్ళిచూపుల్లో పిల్లలా బుద్ధిగా కూర్చుంటుంది.

ఘాటు కిందనున్న ఆ మెకానిక్ షెడ్డు కాసిం ఉస్తాద్‌ది. కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్తూ ఆయన పెత్తనం శిష్యుడు ఎరకన్నకి అప్పజెప్పాడు. వాడు పనిమంతుడే, అందులో అనుమానం లేదు. కాకపోతే తనకి తెలీని రోగం ఏ బండికీ ఉండదని వాడి ధీమా. కాయిల్ మార్చాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. పెట్రోలు పంపు కొత్తది వేశాడు. మార్చిన ప్రతిసారీ ట్యాంకు మూత తీసి, లీటరు పెట్రోలు పోసి, వంతెన దాకా తిప్పుకొచ్చాడు. ట్రయల్‌కి ముందు పెట్రోలు పోయడం ఆ షెడ్డు ఆనవాయితీ. బండి ఒక్కసారీ ఆగలేదు.

జీపు తోలేది వంతల సుక్రయ్య. జుట్టంతా ఆ స్టీరింగు ముందే నెరిసింది. "బాబూ, ఒక్కపాలి నాతోటి ఘాటెక్కి రా. పైకొచ్చీసరికి ఆగిపోతంది" అని బతిమాలాడు.

"నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అన్నాడు ఎరకన్న.

జీపు మళ్ళీ షెడ్డుకొచ్చింది. ఎరకన్నకి తిక్క రేగింది. శుక్రవారం సంతలో, జీపుల స్టాండు దగ్గర, పదిమందీ వింటుండగా సత్తిబాబుతో అనేశాడు. "బండిలో దోషం లేదండీ. తోలేవాడికే కాళ్ళు స్వాధీనంలో లేవు. ముసలోడైపోయాడు గదా!"

జనం నవ్వారు. సుక్రయ్య ఏదో అనబోయి, ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడదని ఊరుకున్నాడు. సాయంత్రానికి సత్తిబాబు తాళంచెవి పుచ్చేసుకున్నాడు. ఆ స్టాండులో ఇంకెవరూ సుక్రయ్య చేతికి బండి ఇవ్వలేదు. నోరా వీపుకి తేకే అంటారు. ఎరకన్న నోరు తెచ్చిన దెబ్బ వేరేవాడి వీపున పడింది.

కొత్త డ్రైవరొచ్చాడు. కుర్రాడు, కాళ్ళు గట్టివి. జీపు వాడి కిందా ఆగింది, మళ్ళీ షెడ్డుకి చేరింది.

ఉస్తాద్ తిరిగొచ్చేసరికి ఎరకన్న చేతులెత్తేశాడు. "అన్నీ మార్చాను ఉస్తాద్. ఇంకేం మిగిలిందో మీరే చూడండి."

ఉస్తాద్ బానెట్ జోలికే పోలేదు. సంతలో శిష్యుడన్న మాట అప్పటికే ఆయన చెవిన పడింది. టీ గ్లాసు కిందపెట్టి, జీపెక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. "తోలు. ఘాటెక్కుదాం."

"ఉండండి, పెట్రోలు పోసేస్తాను."

"వద్దు. ఉన్నది చాలు."

ఎరకన్న తోలాడు. సగం ఘాటు దాకా బండి బంగారంలా ఎక్కింది. తర్వాత ఒక మలుపులో దగ్గింది. తడబడింది. ఆగిపోయింది.

వెనక లారీ. దాని వెనక బస్సు. హారన్లతో కొండ దద్దరిల్లింది. ఎరకన్న సెల్ఫ్ కొడుతున్నాడు, కొడుతున్నాడు, ఊహూఁ. లారీవాడు తల బయటపెట్టి అరిచాడు. "ఒరేయ్! తోలడం రానోడివి గేదెలు కాసుకోక నీకు జీపెందుకురా?"

"దిగిపో నాయనా, మా మామ్మ తోల్తాది!" అన్నారు బస్సులోంచి ఎవరో. బస్సు బస్సంతా నవ్వింది.

ఎరకన్న మొహం కందగడ్డ అయింది. సాయం కోసం గురువు వైపు చూశాడు. ఆయన తీరిగ్గా లోయలోకి చూస్తున్నాడు.

"ఇది బండి దోషమయ్యా! మధ్యలో నా తప్పేటుంది?" అని లారీవాడి మీద అరిచాడు ఎరకన్న.

ఉస్తాద్ అప్పుడు తల తిప్పాడు.

"అవునా బేటా?" అన్నాడు.

అప్పుడు తట్టింది ఎరకన్నకి. ఈ మలుపులో, ఈ సీట్లో, ఇవే హారన్ల మధ్య సుక్రయ్య ఎన్నిసార్లు కూర్చున్నాడో! ఒక్కపాలి నాతో రమ్మన్నాడు. ఒక్క పూట పని. వెళ్ళుంటే ఎంత బాగుండేది!

ఉస్తాద్ దిగి ట్యాంకు మూత తిప్పాడు. ఉస్స్‌మంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది. "ఇప్పుడు కొట్టు" అన్నాడు. కాస్త గింజుకుని బండి స్టార్టయింది. లారీ, బస్సూ పోయేలా ఎరకన్న జీపుని పక్కకి తీశాక, ఉస్తాద్ ఆ మూత తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

తళతళలాడే మూత. ట్యాంకులో పెట్రోలు తగ్గుతున్నకొద్దీ పైనుంచి గాలి లోపలికి పోవాలి. పాత మూతకి అందుకోసం చిన్న బెజ్జం ఉండేది. దీనికి లేదు. గాలాడక పెట్రోలు పంపుకి అందడం లేదు. కాసేపు ఆపితే సందుల్లోంచి గాలి మెల్లగా దూరేది, బండి లేచేది. షెడ్డులో పెట్రోలు పోయడానికి మూత తీసినప్పుడల్లా రోగం తాత్కాలికంగా నయమైపోయేది.

ఈ మూత ఎవరు వేశారని ఉస్తాద్ అడగలేదు. పాతది తుప్పుపట్టి బాగోలేదని, ఆయుధపూజ నాడు బండి సొగసుగా ఉండాలని, వేరే బండి మూత తెచ్చి బిగించింది ఎరకన్నే.

"సుక్రయ్య ఇప్పుడేం చేస్తున్నాడు?"

"పైన రోడ్డు పనిలో కంకర మోస్తున్నాడంట."

"పద."

సుక్రయ్య నెత్తిన తట్టతో ఎదురయ్యాడు. ఎరకన్న పరుగున వెళ్ళి దారికడ్డం నిలబడ్డాడు. "తప్పు నాది మావా. ఆ మూత నేనే వేశాను. నీ కాళ్ళకేం కాలేదు. సత్తిబాబుతో నేను మాట్లాడతాను."

సుక్రయ్య తట్ట దించలేదు. "ఆయన కొత్తోడిని పెట్టుకున్నాడు గదా. ఆడికీ పిల్లలున్నారు" అన్నాడు. కోపం లేదు గొంతులో. అదే ఎరకన్నని కోసేసింది. "అయినా బాబూ, నా కాళ్ళ సంగతి నాకు తెలీదేటి? నాకెందుకు సెప్తన్నావు?"

పక్కకి తప్పుకుని, కంకర పొయ్యడానికి వెళ్ళిపోయాడు.

ఎరకన్న జీపు దగ్గరికొచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "దీన్నెలా బాగుచెయ్యాలి ఉస్తాద్?" అన్నాడు.

తట్ట బోర్లించి నడుం పట్టుకుంటున్న సుక్రయ్య వైపు చూశాడు ఉస్తాద్.

"పదిమందిలో ఆ మాటన్నావే, ఆ సంత ఏ రోజు?" అన్నాడు.

"శుక్రవారం" అన్నాడు ఎరకన్న, తలదించుకుని.