గట్టుమీదమ్మకి పీట

అనగా అనగా, గట్టు పక్కన ఒక ఊరుందర్రా. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ, ఆవిడకో కోడలు, పేరు పైడమ్మ. గట్టు మీదేమో గుడి. గుళ్ళో అమ్మవారు నిలువెత్తు రాతి విగ్రహం, నించునే ఉండేది. అమ్మవారు నించుంటే మనం కూచోవడమేమిటని ఆ గుళ్ళో ఎవరూ కూచునేవారు కాదు. రాజుగారొచ్చినా నించోవలసిందే. కూచున్నవాళ్ళకి ఊళ్ళోంచి వెలి.

జాతరనాడు గుళ్ళో పరమాన్నం వండేది నాంచారమ్మే. తెల్లారగట్ల గరిట పట్టుకుంటే పొద్దు వాలేదాకా నించుని కలపాలి. ఆ గరిటంటే ఆవిడకి పంచప్రాణాలూనూ. అలాంటిది మోకాళ్ళు పట్టేసుకున్నాయి. కూచుంటే లేవలేదు, లేస్తే కూచోలేదు. ఆముదం రాశారు, తగ్గలేదు. వావిలాకు కాచి పోశారు, తగ్గలేదు. ఉప్పుమూటతో కాపడం పెడితే పెట్టినంతసేపూ హాయి, తీస్తే మళ్ళీ మొదలు. పైకి చెప్తే గరిట ఇంకొకరికిచ్చేస్తారని పళ్ళబిగువున ఓర్చుకునేది. మీ ఊ ఏదర్రా, నిద్రపోయారా? ఆఁ, వినండి.

ఆ ఏడు పాలు పొంగుతుండగా నాంచారమ్మ కాళ్ళు మడతపడిపోయాయి. పైడమ్మకి అత్త సంగతి తెలుసు. ముందే తెచ్చి దాచిన ముక్కాలిపీట చటుక్కున లాగి అత్త కింద వేసింది. జనమంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరికోసం తెచ్చావా పీట అని జాతరకొచ్చిన రాజుగారు గద్దించారు. అమ్మవారికోసం అంది పైడమ్మ, తొణక్కుండా. అని, తనే అడుగుతూ తనే బదులు చెప్పింది.

"మోకాలా మోకాలా, ఎందుకు నొచ్చావు? అత్త నన్ను కూచోనివ్వలేదు. అత్తా అత్తా, ఎందుకు కూచోలేదు? ఊరు నన్ను కూచోనివ్వలేదు. ఊరా ఊరా, ఎందుకు కూచోనివ్వలేదు? అమ్మవారు నించుంది. అమ్మా అమ్మా, నువ్వెందుకు నించున్నావు? కూచోమని ఒక్కరూ అనలేదు."

 రాజుగారు ఆ పీట అమ్మవారి ముందు పెట్టించి తలుపులు మూయించారు. పొద్దున్నకి అమ్మవారు కూచోకపోతే అత్తాకోడళ్ళిద్దరూ ఊరొదిలి పోవాలన్నారు. గరిట పోయింది, ఊరు పోయింది, నా మోకాళ్ళవల్ల ఈ పిల్ల కూడా వీధిన పడింది అని నాంచారమ్మ కుమిలిపోయింది.

పొద్దున్నే తలుపులు తీశారు. అమ్మవారు కూచునుందర్రా. ఆ రాతి మోకాళ్ళు రెండూ మడిచి, వాటిమీద చేతులు వేసుకుని, ఎన్ని యుగాల తరవాతో కాస్త ఊపిరి పీల్చుకుంటున్నట్టు కూచునుంది.  నీకూనా తల్లీ, అంది నాంచారమ్మ.  ముందుగా కూలబడింది ఎవరనుకున్నారు, రాజుగారే. ఆయనవీ మోకాళ్ళే కదా.

నాంచారమ్మకి నొప్పి పోలేదర్రా, అబద్ధమెందుకు. మబ్బు పడితే సలుపుతూనే ఉండేది. కానీ కాసేపు కూచుని కలిపేది, లేచి నాలుగడుగులేసేది, మళ్ళీ కూచునేది. గరిట మాత్రం కడదాకా ఆవిడ చేతిలోనే ఉంది. అందుకే, ఎవరైనా నించునుంటే కూచోమని ముందు మీరే అనండి.

కథ కంచికి నడిచిపోయింది. నేనే లేవలేను. ఎవరో ఒకరు చెయ్యివ్వండి, మనమూ పడకల్లోకి పోదాం.