మీరేనాండీ గుడి

పెదమొగలంక రేవులో దిగి, కొబ్బరితోటల మధ్యగా అరమైలు నడిస్తే ఎర్ర పెంకుల ప్రార్థనామందిరం ఒకటి కనిపిస్తుంది. కాగితాల్లో దీని పేరు క్రీస్తు కృపాలయం. ఆ పేరు చెప్పి దారి అడిగితే లంకలో ఎవరూ చెప్పలేరు. మీరేనాండీ గుడి అని అడగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడ కులమతాలు అడగకుండా వచ్చినవారందరికీ అన్నం పెడతారు. వడ్డించేవారు ప్రతి విస్తరి ముందూ వంగి "మీరేనాండీ?" అని అడుగుతారు. కొత్తవారు తెల్లమొహం వేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఈ ప్రశ్న పుట్టిందే అయోమయంలో.

పూర్వం ఇక్కడ రాహేలమ్మ అనే విధవరాలు గుడి ఊడ్చి, గంట కొట్టి, పిడికెడు బియ్యం కాగులను కాపాడుతూ ఉండేది. సంఘంలోని ఆడవారు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడికని తీసి ఆమెకు అప్పగించేవారు. కొత్త గుడి ప్రతిష్ఠకు బిషప్పుగారు వస్తున్నారని, ఆ విందు కోసం ఎనిమిది నెలల బియ్యం నిలవ చేశారు. ఆయనను తీసుకురావడానికి పట్నం వెళుతూ పాస్టరు ఇశ్రాయేలుగారు, "ఏం వచ్చినా ఒక్క గింజ ముట్టనని మాటివ్వమ్మా" అన్నారు. ఆమె బైబిలు మీద చెయ్యి వేసి మాటిచ్చింది.

మర్నాడే గోదావరి పొంగింది. దిగువ పాలెం మునిగి, రెండు వందల మంది గుడి మెరకకు ఎక్కివచ్చారు. వారిలో క్రైస్తవులు ఒక్కరూ లేరు. ప్రతిష్ఠ కాని గుడిలో అడుగు పెట్టడానికి జంకి, అరుగుల మీదే వానలో తడుస్తూ కూర్చున్నారు. రెండు రోజులు కొబ్బరి ముక్కలతో గడిచాయి. పిల్లల ఏడుపు వినలేక రాహేలమ్మ చెవులు మూసుకుంది. మాట తప్పితే పాపం, తప్పకపోతే అంతకంటే పాపం. ఏం చెయ్యమంటావో చెప్పు తండ్రీ అని ప్రార్థించి ప్రార్థించి, మూడోనాటి మధ్యాహ్నం కాగులకు ఆనుకుని కునికింది.

కలలో, తల మీంచి నీళ్ళు కారుతున్న మనిషి ఒకరు అరుగు మీద కూర్చుని "రాహేలమ్మా, ఆకలేస్తోంది" అన్నారు. ముఖం మాత్రం కనబడలేదు.

ఆమె దిగ్గున లేచింది. ప్రభువు బియ్యం ప్రభువుకే పెడితే మాట తప్పినట్టు కాదని సమాధానపడి, ఒక్క మనిషికి సరిపడా వండి పట్టుకొచ్చింది. తీరా అరుగు మీద చూస్తే అందరి తలల మీంచీ నీళ్ళు కారుతున్నాయి! మొదట ఉన్న ముసలాయన ముందు వంగి "మీరేనాండీ?" అంది. ఏమడుగుతోందో తెలియక ఆయన "ఏమోనమ్మా" అని దోసిలి పట్టాడు. కాదని ఎలా అనగలదు? పెట్టింది. మళ్ళీ వండింది, పక్కవారిని అడిగింది. కాదన్నవారు దాస్తున్నారేమోనని పెట్టింది, అవునన్నవారు నిజంగా అవునేమోనని పెట్టింది. ఐదోనాటికి కాగులన్నీ బోర్లించేసింది.

అప్పుడే పడవ దిగిన పాస్టరుగారు కాగులు చూసి కూలబడ్డారు. "మాటిచ్చావు కదమ్మా!"

"ఇచ్చానండి. ఆయనెవరో తెలిస్తే ఆయనొక్కరికే పెట్టేదాన్నండి" అని రాహేలమ్మ వలవలా ఏడ్చింది. పక్కన తడిసి ముద్దయి నిలబడ్డ బిషప్పుగారిని చూసి ఆమెకు మళ్ళీ అనుమానం వచ్చింది. "మీరేనాండీ?"

"నేను కాదమ్మా!" అన్నారాయన గాభరాగా.

ఇదంతా చూస్తున్న పాలెం మనిషి వరహాలు, కుండ అడుగున మిగిలిన మాడుచెక్క గీకి రాహేలమ్మ చేతిలో పెట్టింది. "మూడ్రోజుల్నించీ మా అందర్నీ అడుగుతానే ఉన్నావు. నువ్వొక్క మెతుకు తినలేదు. నీ తలా కారతానే ఉంది గదమ్మా. నువ్వేనా?"

రాహేలమ్మ ఆ మాడు నోట్లో పెట్టుకుంది. బిషప్పుగారు అక్కడే మోకరించి, ప్రతిష్ఠ విందు అయిపోయిందని చెప్పి ప్రార్థన ముగించారు.

నేటికీ పాలెం వారు, ఏ దేవుణ్ణి కొలిచినా, వంతులు వేసుకుని ఇక్కడ వడ్డిస్తారు. ఎక్కడ వరద వచ్చినా పిడికెడు బియ్యం పడవ ముందు ఇక్కడినుంచే కదులుతుంది. ఒక్కపూట వడ్డించినవారి ఇంట బియ్యం లేక ఎసరు మరగడమన్నది ఉండదని లంకవారి నమ్మకం. ఇంతకీ ఆయనెవరో తేలలేదు. తేలితే మిగతావారికి వడ్డన ఆపాల్సి వస్తుంది గనుక, మేమెవరమూ గట్టిగా వెతకడం లేదు.