పడిపోయిన ఈల

“మాస్టారూ, నా చెవి ఒకటి చెప్పి, మీ మాట ఇంకొకటి చెబితే నేను దేన్ని నమ్మాలి?”

నూకరత్నం ఈ ప్రశ్న అడగడానికి చాలా రోజులు తటపటాయించింది. అడిగాక కూడా, అడగకుండా ఉండాల్సిందేమో అనుకుంది. పైడిరాజు మాస్టారు ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి కాడు. ఎవరేం అడిగినా వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇచ్చేవాడు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి అడిగిన ప్రశ్నే మరుపున పడేది.

గాజువాక ఆటోనగర్లో ఆయనది పొడుగాటి రేకుల షెడ్డు. పందెపు కార్లకు సూపర్‌ఛార్జర్లు విప్పి, బాగుచేసి, అడిగినవాళ్లకు బలం పెంచి కట్టివ్వడం అక్కడి పని. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదనుకున్నప్పుడు, దాని నెత్తిన కూర్చుని లోపలికి గాలి దట్టించే యంత్రమే సూపర్‌ఛార్జరు. అందులో మెలితిరిగిన రెండు రోటర్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టే కనిపిస్తూ, ఎక్కడా తగలకుండా తిరుగుతాయి. ఆ తిరుగుడులోంచి సన్నటి ఈల పుడుతుంది. పైడిరాజు కుర్రతనమంతా ఓడల ఇంజను గదుల్లో గడిచింది. ఆ తర్వాత ఆయన పేరు నిలబడింది మాత్రం ఈ ఈల మీదే. బానెట్టు ఎత్తకుండానే, ఈల విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఒడిశా నుంచి, తమిళనాడు నుంచి కార్లు ఆ షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవంటే ఆ చెవి కోసమే. రత్నం డిప్లొమా చదివి, మంచి ఉద్యోగం వదులుకుని ఆయన దగ్గర చేరిందీ అందుకే.

ఆమెను ఇంత చిక్కులో పడేసింది సోమినాయుడి కారు.

సోమినాయుడు లారీల వ్యాపారి. ఘాట్ రోడ్ల మీద జరిగే కారు పందేల్లో ఆయనను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పక్క సీట్లో కూతురు వైదేహి కూర్చుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని, రాబోయే మలుపులు ముందుగా చెబుతూ ఉంటుంది. ఆమె మాట ఒక చెవినా, సూపర్‌ఛార్జరు ఈల రెండో చెవినా పెట్టుకుని ఆయన బండి తోలతాడు. గేరు మార్చాలంటే మీటర్ల ముళ్ల వైపు చూసే అలవాటు లేదు. ఈల ఎంత ఎత్తుకెళ్లిందో అదే ఆయనకు లెక్క.

ఒకరోజు ఆయన కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

“ఏటయిందో తెలవడం లేదు మాస్టారూ. ఈల పడిపోయింది. బండిలో ఊపిరి లేదు.”

పైడిరాజు కారు పక్కన తల వంచి నిలబడ్డాడు. నాయుడు ఇంజను వేగం పెంచాడు. రత్నానికి ఈల వినపడింది. సన్నగా మొదలై, రేకు కోసినట్టు సాగి, షెడ్డు పైకప్పుకు తగిలింది. పైడిరాజు మాత్రం తల ఊపాడు.

“నిజమే. పడిపోయింది.”

“వినపడుతోంది కదా మాస్టారూ,” అంది రత్నం మెల్లగా.

“అది బెల్టు చప్పుడమ్మా,” అన్నాడాయన.

గాలి ఒత్తిడి చూపించే ముల్లు ఉండవలసిన చోటే ఉంది. ఆ సంగతీ రత్నం చెప్పింది. “ముల్లుదేముంది, గొంతు చూడాలి గాని,” అన్నాడు నాయుడు. మాస్టారు కాదనలేదు. రత్నం సూపర్‌ఛార్జరు దించి విప్పింది. బేరింగులు కాస్త అరిగాయి. కొత్తవి వేసి, రోటర్ల మధ్య సందు సరిచూసి, మళ్లీ కట్టింది. నాయుడు తీసుకెళ్లి, నాలుగు రోజులకే తిరిగొచ్చాడు. ఈల రాలేదన్నాడు. అప్పుడు మాస్టారు బెల్టు తిరిగే పుల్లీ తీయించి, దానికన్నా చిన్నది వేయించాడు. పుల్లీ చిన్నదైతే రోటర్లు ఇంకా వేగంగా తిరుగుతాయి. ఇంజను తిప్పగానే రత్నం రెండు చేతులతో చెవులు మూసుకోవలసి వచ్చింది. అంత పదునుగా ఉంది ఆ కూత. పెద్దవాళ్లిద్దరూ మాత్రం బానెట్టు మీదికి వంగి, చూపులు కలుపుకుని, పెదవి విరిచారు.

అక్కడి నుంచి రత్నానికి తన చెవి మీదే అనుమానం పట్టుకుంది. బెల్టు చప్పుడునే తాను ఈల అనుకుంటోందా? ఇన్నాళ్లూ మాస్టారు వింటున్నదీ తాను వింటున్నదీ ఒకటేనని ఎలా అనుకుంది? ఇంట్లో కుక్కరు కూస్తే, అది నిజంగా కూసిందో లేదో తేలక తల్లిని అడిగింది. “చెవుల్లో ఏటైనా పడిందేటే? వీధి చివరికి వినపడుతోంది,” అంది తల్లి. ఆ మాటతో కొంత ధైర్యం వచ్చింది. మర్నాడు షెడ్డులోకి అడుగుపెట్టేసరికి అదీ పోయింది.

నాయుడు మూడోసారి వచ్చాడు. ఘాట్ పందెం దగ్గరపడింది. ఇంకా చిన్న పుల్లీ కావాలన్నాడు. ఈసారి కూతురు కూడా వెంట వచ్చింది. కారు లోపల పెట్టించి, సాయంత్రం వస్తామని ఇద్దరూ వెళ్లారు. రత్నం సూపర్‌ఛార్జరు విప్పి బల్ల మీద పెట్టింది. రోటర్ల అంచులు గీసుకుపోయి ఉన్నాయి. అవి తిరిగే గొట్టం లోపలి గోడకు ఒకచోట తగిలిన గుర్తు ఉంది. వేడికి ఇనుము నీలంగా మారింది. ఇలాంటిది ఘాట్ మలుపులో బిగిసిపోతే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కారులో ఉండేది తండ్రీ కూతురూ. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

“ఇది వేగం తగ్గిన యంత్రం కాదు మాస్టారూ. తట్టుకోలేనంత వేగంగా తిరిగింది,” అని చూపించింది.

పైడిరాజు రోటరు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. “నాకూ అంతు పట్టడం లేదు,” అన్నాడు. ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ గాభరాలోనే అడిగేసింది, చెవిని నమ్మాలా, మాటను నమ్మాలా అని.

ఆయన ఆమె వైపు చూశాడు. రోటరు కింద పెట్టాడు.

“మన దగ్గర మంచి స్థితిలో ఉన్న సూపర్‌ఛార్జరు ఇంకొకటి ఉంది కదా, పాత పుల్లీతో అది ఎక్కించు. సాయంత్రం వాళ్లు వచ్చేసరికి కారు బయటికి తియ్యి,” అన్నాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే తండ్రీ కూతురూ వచ్చారు. పైడిరాజు వైదేహిని డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. నాయుడు ఏదో అనబోతే, “ఒక చిన్న పరీక్ష నాయుడుగారూ, నిమిషం పని,” అన్నాడు. షెడ్డుకు ఎదురుగా ప్రహరీ గోడ ఉంది. నాయుణ్ణీ రత్నాన్నీ కారుకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు. తానూ వెళ్లి వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాడు.

“అమ్మా వైదేహీ, నువ్వు ఇంజను వేగం మెల్లమెల్లగా పెంచు. ఈల వినపడగానే మేం చెయ్యెత్తుతాం. ఎవరూ పక్కకు చూడకూడదు. చూడవలసింది నువ్వొక్కదానివే.”

ఇంజను మొదలయింది. మొదట ఉత్త గుర్రుమన్న చప్పుడు. కాస్సేపటికి దాని మీద సన్నటి తీగలాగా ఈల లేచింది. రత్నం చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, ఎదురుగా గోడ మీది పెచ్చులూడిన సున్నం చూస్తూ నిలబడింది. ఈల పెరిగింది, ఇంకా పెరిగింది. ఆమెకు పక్కకు చూడాలనిపించింది. చూడలేదు. తన చెయ్యి ఒక్కటే గాలిలో ఉందేమోనన్న భయం ఒక పక్క, ఉండకూడదన్న కోరిక ఒక పక్క. దించేద్దామా అని కూడా అనుకుంది.

ఇంజను ఆగింది. వైదేహి వెంటనే దిగి రాలేదు. వచ్చాక తండ్రి మొహం చూడకుండా చెప్పింది.

“రత్నంగారి చెయ్యి మొదట్లోనే లేచింది. నాన్న చెయ్యి లేవలేదు.” మాస్టారి వైపు తిరిగింది. “మీదీ లేవలేదు మాస్టారూ.”

నాయుడు నవ్వాడు. “ఇంజను హోరులో ఏటి వినపడుతుంది? ఇంకోసారి తిప్పు.”

ఇంకోసారి తిప్పింది. అదే జరిగింది. ఈసారి నాయుడు నవ్వలేదు.

“ఎవరి చెవులకు పరీక్ష పెడుతున్నారు మాస్టారూ? నా బండి గొంతు నాకు తెలీదా?” అని గొంతు పెంచాడు. “మొన్నటి దాకా విన్నాను కదా!”

“నాన్నా,” అంది వైదేహి, “మొన్న ఘాట్ మీద ప్రతి మలుపూ రెండుసార్లు ఎందుకు చెప్పించుకున్నావు?”

“హెల్మెట్లో మైకు బాగులేక.”

“మైకు మార్చాం కదా.”

పుల్లీ చిన్నదయ్యేకొద్దీ ఈల ఇంకా సన్నబడి పైకి పోతుందనీ, సన్నటి చప్పుళ్లే ముందుగా మనిషి చెవికి దూరమవుతాయనీ రత్నానికి అప్పుడు తట్టింది. బలం పెంచుతున్నామనుకుంటూ ఆ ఈలను వాళ్లిద్దరికీ అందనంత ఎత్తుకు తామే తోలేశారు.

నాయుడు కాస్సేపు కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి వేసి చూశాడు, తీశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆయనకు తేలినట్టు లేదు. చివరికి ఎడమవైపు తలుపు తీసుకుని, కూతురు కూర్చునే సీట్లో కూర్చున్నాడు. “నువ్వే తోలు,” అన్నాడు. కారు వెళ్లిపోయింది. ఆ తర్వాతి పందెంలో తోలింది వైదేహే. కాగితాలు ఒళ్లో పెట్టుకుని మలుపులు చెప్పింది నాయుడు. వాళ్లు గెలవలేదు. కొండ దిగి క్షేమంగా వచ్చారు. వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి మాత్రం ఆయనకు ఇంకా చాలా కాలం పట్టింది.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం కారు వీధి మలుపు తిరిగాక, గురువూ శిష్యురాలూ ప్రహరీ గోడ దగ్గరే మిగిలారు. పైడిరాజు గోడ వైపే చూస్తున్నాడు. ఆటోనగర్లో ఎక్కడో రేకు కోస్తున్నారు. అది ఆయనకు వినపడుతోందో లేదో రత్నానికి తెలియలేదు.

“మీకు ముందే తెలుసా మాస్టారూ?” అంది చివరికి.

“నాయుడి సంగతి అనుమానించాను,” అన్నాడాయన. “ఒక్కణ్ణే నిలబెడితే చిన్నబుచ్చుకుంటాడని నేనూ పక్కన నిలబడ్డాను.”

రత్నం గోడకు చేరబడింది. ఇన్నాళ్లూ తాను సరిగ్గానే విన్నందుకు సంతోషించాలా? సంతోషం దగ్గరికి కూడా రాలేదు. ఈ షెడ్డుకు తాను వచ్చిందే ఆ చెవి దగ్గర నేర్చుకోవడానికి. తనకు బేరింగు అరిగిన చప్పుడు గుర్తుపట్టడం నేర్పింది ఆ చెవే. అది ఎప్పటి నుంచి తప్పు చెబుతోందో, అది నేర్పినవాటిలో ఏది నిజమో ఏది కాదో ఎలా విడదీయడం? తన చెయ్యి మొదట లేచిందన్నది నిజం. దించేద్దామనుకున్నదీ నిజమే.

“అయితే ఇకమీదట నా చెవినే నమ్మమంటారా?” అని అడిగింది.

పైడిరాజు గోడ మీద నుంచి చూపు తిప్పి ఆమెను చూశాడు.

“నేను మాత్రం ఇన్నాళ్లూ ఎవరి చెవిని నమ్మానమ్మా? నా చెవినే కదా!”