అసిరయ్య వింటన్నాడు

అనగనగా అంటే ఎప్పుడని నన్ను అడగొద్దు. గెడ్డ మీద వంతెన లేదు, ఊళ్ళో గడియారం లేదు. కోడి కూస్తే పొద్దు, కడుపు గుర్రుమంటే మధ్యాహ్నం. ఆ కాలం. గెడ్డంటే ఏమిటని మొహాలు అలా పెడతారేం? కొండ మీంచి దిగే చిన్న ఏరు. దానికి ఇటో ఊరు, అటో ఊరు. పేర్లు చెబితే ఆ ఊళ్ళవాళ్ళు నా మీదకొస్తారు. ఇవతలూరు, అవతలూరు అనుకోండి, చాలు.

గెడ్డలో నీళ్ళు తక్కువ, రెండూళ్ళలో నోళ్ళు ఎక్కువ. ఏటా వరి ఉడుపుల ముందు, నీళ్ళు మాకంటే మాకని తలకాయలు పగిలేవి. చివరికి పెద్దలు విసిగిపోయి ఒక కట్టుబాటు చేశారు. కర్రలొద్దు, చెడుగుడు ఆడండి. గెలిచిన ఊరికి ముందు నీళ్ళు. వాళ్ళ మడులన్నీ తడిశాకే రెండో ఊరికి.

చెడుగుడు తెలుసుగా? "చెడుగుడు చెడుగుడు" అని ఒక్క గుక్కలో కూత పెడుతూ గీత దాటాలి. అవతలివాళ్ళని ముట్టుకోవాలి. కూత తెగకుండా వెనక్కి రావాలి. మధ్యలో ఊపిరి పీల్చాడా, వాడు చచ్చినట్టే. ఒడ్డున కూర్చోవాలి.

బాగానే ఉంది. మరి ఊపిరి పీల్చాడో లేదో చెప్పేదెవరు? ఇవతలూరి మనిషి చెబితే అవతలూరు ఒప్పదు. అవతలూరి మనిషి చెబితే ఇవతలూరు ఊరుకోదు. అప్పుడొక ముసలమ్మ అంది కదా, "ఓరి మీ తెలివి తెల్లారా! నీళ్ళతో పని లేనోడిని కూకోబెట్టండర్రా."

నీళ్ళతో పని లేనివాడు రెండూళ్ళకీ కలిపి ఒక్కడే దొరికాడు. అసిరయ్య. గెడ్డ ఒడ్డున కమ్మరి కొలిమిలో, నిప్పుకి గాలి ఊదే తోలు తిత్తి లాగేవాడు. జానెడు భూమి లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. కమ్మరికైనా ఊళ్ళో పేరుంటుంది గానీ తిత్తి లాగేవాడికి పేరేమిటి? "ఒరే తిత్తీ" అనే పిలిచేవారు. అలాంటివాణ్ణి తెచ్చి గీత పక్కన బోర్లించిన గంప మీద కూర్చోబెట్టారు. వాడు తన నీళ్ళ ముంత పక్కన పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి, అలా వింటూ కూర్చున్నాడు.

ఇక ఇవతలూళ్ళో దాలినాయుడని ఒకడున్నాడు. దున్నపోతులాంటి మనిషి, చిరుతలా దూకేవాడు. కానీ వాడి మడి ఊరి మడులన్నిటికీ చివర, మెరక మీద ఉంది. ముందు నీళ్ళయితే ఆ మెరక ఎక్కుతాయి. రెండోసారి నీళ్ళొచ్చేసరికి గెడ్డ నీరసించిపోతుంది, ఎక్కవు. అంటే ఆట గెలిస్తే వాడింట్లో వరన్నం. ఓడితే ఏడాది పొడుగునా చోడి అంబలి, అదే, రాగి జావ. పెళ్ళాం, ఇద్దరు గుంట పిల్లలు. అందుకని వాడొక దొంగవిద్య నేర్చాడు. కూత పెడుతూ పెడుతూనే పెదవి మూల నుంచి గుక్కెడు గాలి లాగేవాడు. పక్కనున్నవాడు కూడా పసిగట్టలేడు.

మొదటి ఏడాది తప్పెట్లు దద్దరిల్లిపోతుంటే, ఆ మోతలో గుక్కెడు లాగాడు. ఎవరికీ తెలీలేదు. నలుగురిని ముట్టి, నవ్వుకుంటూ గీత దాటాడు.

అసిరయ్య రెండు వేళ్ళు తన గొంతు మీద పెట్టుకున్నాడు. "తెగినాది బాబూ. ఒడ్డున కూకో."

దాలినాయుడు ఒంటి కాలి మీద లేచాడు. ముసలోడా అన్నాడు, చెవిటోడా అన్నాడు, వాడి ఏడు తరాలనీ తిట్టిపోశాడు. జనం అడ్డం పడబోతే అసిరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "తిట్టడానికీ ఊపిరి కావాల కదా. అయిపోనీండి." నిజమే, కాసేపటికి అయిపోయింది. దాలినాయుడు రొప్పుతూ నిలబడ్డాడు. అసిరయ్య తన ముంత వాడి చేతికిచ్చాడు. "తాగు బాబూ. తాగి ఒడ్డున కూకో." ఆ ఏడు ఇవతలూరు ఓడింది. మెరక మడి ఎండింది.

అసలు వాడికెలా తెలిసింది? దాలినాయుడికి ఆ ఏడాదంతా అదే ధ్యాస.

రెండో ఏడాది ఆరుగురు మీద పడి నొక్కేస్తుంటే, ఆ దుమ్ములో, ఆ కుప్ప కింద గుక్కెడు లాగాడు. పాక్కుంటూ వచ్చి గీత ముట్టాడు.

"తెగినాది బాబూ. ఒడ్డున కూకో."

ఈసారి దాలినాయుడు తిట్టలేదు, ముంతని ఒక్క తన్ను తన్నాడు. అది ముక్కలైంది. అసిరయ్య లేచి, వంగి, ఒక్కో పెంకూ ఏరాడు. అందరివీ వట్టి కాళ్ళు మరి. ఆఖరి పెంకు కూడా దొరికాక, "ఊఁ, ఆడండి" అన్నాడు. అంతే. ఆ ఏడూ ఓటమే, ఆ ఏడూ అంబలే.

కుప్ప కింద ఉన్నాను కదా, ఎలా తెలిసింది?

మూడో ఏడు వాడు మరీ బరితెగించాడు. కూతకి పోతూ, కాలు జారినట్టు వంగి, గుప్పెడు మట్టి తీసి అసిరయ్య కళ్ళల్లో కొట్టాడు. ఇక చూడలేడు గదా అని దర్జాగా గుక్కెడు లాగి వచ్చాడు.

అసిరయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. నీళ్ళు కారిపోతున్నాయి. రెండు వేళ్ళు గొంతు మీదకి వెళ్ళాయి. "తెగినాది బాబూ. ఒడ్డున కూకో."

రెండూళ్ళూ కర్రలెత్తాయి. ఇవతలూరివాళ్ళే ముందు ఎత్తారు, సిగ్గేసింది పాపం. అసిరయ్య గంప మీంచి లేవకుండానే అన్నాడు, "కొడితే ఆట ఆగిపోద్ది. తప్పుకి తగ్గ శిచ్చ ఒడ్డే కదా, కూకోనీండి." దాలినాయుడు కూర్చున్నాడు. ఈసారి తల పైకి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే కొలిమి దగ్గరికెళ్ళాడు. క్షమాపణ చెప్పడానికి అనుకుంటున్నారా? కాదండీ, అంత మంచివాడేం కాదు. తెలుసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది వాడికి.

"నీకెలాగ తెలిసినాది?"

అసిరయ్య కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తిత్తి తాడు వాడి చేతికిచ్చాడు. "లాగు. నిప్పు సూడకు, తిత్తి విను."

దాలినాయుడు లాగాడు. ఒకటి, రెండు, నూరు. మధ్యాహ్నానికి వాడికి వినపడింది. గాలి అయిపోతున్న కొద్దీ తిత్తి గొంతు సన్నబడుతోంది. గాలి తాగగానే లావెక్కుతోంది.

"మనిసైనా అంతే బాబూ" అన్నాడు అసిరయ్య. "దొంగిలించినప్పుడు వినపడదు. దొంగిలించినాక వినపడతాది. సన్నబడిపోవలసిన కూత మళ్ళీ లావుగా పలికితే ఇంకేటి సాచ్చికం కావాల?"

దాలినాయుడు ఇంటికెళ్ళాడు గానీ, ఏం లాభం? చెవి తయారైపోయింది. పెళ్ళాం "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అంటే ఆ గొంతులో తేడా వినపడేది. "మెరక మడి నా తప్పు కాదు" అని తనలో తాను అనుకుంటే అదీ వినపడేది.

ఆ చలికాలం అసిరయ్య పోయాడు. కొలిమి పక్కనే, చేతిలో తాడు అలాగే ఉండగా. నలుగురు మోశారు, ఆ నలుగురిలో దాలినాయుడొకడు.

నాలుగో ఏడు ఆట వచ్చింది. గంప బోర్లించారు, ముంత పెట్టారు. కూర్చునేవాడు లేడు. ఎవరి పెద్దలు వాళ్ళ పక్కన నిలబడి చూస్తామన్నారు. పొద్దు వాలేసరికి ఇవతలూళ్ళో దాలినాయుడొక్కడే మిగిలాడు. అవతల ఐదుగురు. ఆకుమడిలో నారు ముదిరి పసుపెక్కిపోతోంది, ఇంట్లో చోళ్ళు కూడా అడుగంటాయి. వాడు కూతకి వెళ్ళాడు.

ఒకణ్ణి ముట్టాడు. ఇద్దరిని ముట్టాడు. నలుగురయ్యారు. ఐదోవాడు మూలకి పారిపోయాడు. ఊపిరి చివరికొచ్చేసింది. గుక్కెడు లాగాడు. ఆ మాయదారి అలవాటు! ఐదోవాణ్ణి ముట్టి గీత మీద పడ్డాడు.

ఎవరూ వినలేదు. అవతలూరి పెద్దలే తలలు దించుకున్నారు. ఇవతలూరు వాణ్ణి భుజాల మీదకెత్తింది. ఉడుపులు, వరి, పిల్లల కంచాల్లో అన్నం, అంతా చేతికందింది. కానీ లావెక్కిన ఆ కూత వాడి చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. వాడు ఖాళీ గంప వైపు చూశాడు.

"దించండర్రా నన్ను" అన్నాడు. దిగాడు. రెండు వేళ్ళు గొంతు మీద పెట్టుకున్నాడు.

"తెగినాది."

"నోర్ముయ్యి! ఎవలు విన్నారని?" అని సొంత ఊరి పెద్ద అరిచాడు.

"అసిరయ్య వింటన్నాడు" అన్నాడు దాలినాయుడు. ముంతలో నీళ్ళు తాగి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఒడ్డున కూర్చున్నాడు. కూర్చుని ఏడ్చాడు. ఏడవడా మరి? ఆ ఏడూ నీళ్ళు మెరక ఎక్కలేదు. ఊళ్ళో వాడితో ఆర్నెల్లు ఎవరూ మాట్లాడలేదు. పెళ్ళాం మాత్రం అంబలి పోస్తూ, "ఈయేడు ఎందుకో పులుపు తక్కువగుంది" అందట.

ఐదో ఏడు ఏం జరిగిందో చెప్పనా? అవతలూరి మొనగాడు ఆఖరి కూత పెట్టి గీత దాటాడు. ఎవరికీ ఏమీ వినపడలేదు. వాడు నిలబడి, గంపని చూసి, మెల్లిగా రెండు వేళ్ళు గొంతు మీద పెట్టుకున్నాడు. ఆ ఏడు నీళ్ళు ముందు ఇవతలూరికి వచ్చాయి. మెరక మడిలో మోకాలి దాకా నిలిచాయి.

ఇప్పటికీ ఆ గెడ్డ పక్క ఊళ్ళలో ఆటంటే ముందు గంప బోర్లిస్తారు, ముంత పెడతారు. ఆ గంప మీద ఎవరూ కూర్చోరు. కూత తెగినవాడు తానే వేళ్ళు గొంతు మీద పెట్టుకుని, నీళ్ళు తాగి, ఒడ్డుకి పోతాడు. సంతలో ఎవడైనా చచ్చు గేదెకి ఆరు శేర్ల పాలని కోతలు కోస్తే, కొనేవాడు బేరమాడడు. "అసిరయ్య వింటన్నాడు" అంటాడు, అంతే. పాలు మూడు శేర్లకి దిగిపోతాయి.

ఏమిటలా చూస్తారు? ఇదంతా నిజమేనా అనా? అదీ... ఆఖరి కూతలో దాలినాయుడు ఐదుగురిని ముట్టాడన్నానా? మా నాయనమ్మ ముగ్గురనే చెప్పింది. ఇద్దరిని నేనే కలిపాను.

తెగినాది. ఆ ముంత ఇలా ఇవ్వండి, తాగి ఒడ్డున కూకుంటాను.