గోరవ్వ మేక గొంతు

గొర్రెల దొడ్డి పక్కన ఇరుసు విరిగిన బండి ఒకటి పడి ఉండేది. ఒకప్పుడు గోరవ్వ అనే గోరింక రోజూ మధ్యాహ్నం దాని మీద కచేరీ పెట్టేది. జలుబు చేసిన కోడిపుంజు, పెళ్ళాన్ని కేకేసే కాపు, అన్ని గొంతులూ పలికేది. అవ్వ పోయి మూడు వానాకాలాలైంది. ముసలి ఎద్దు పుల్లన్న మాత్రం ఇప్పటికీ ఆ వేళకు బండి దగ్గరికే వచ్చి నెమరేస్తుంది. దూడప్పుడు నవ్విన నవ్వు మళ్ళీ ఎక్కడా దొరకలేదు దానికి.

ఒకనాడు నక్క మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పుల్లన్న మావా, నేను గోరవ్వ శిష్యుణ్ణి. ఆమె విద్య మట్టిలో కలిసిపోకూడదు. రేపు పిల్లల్ని వాగు దగ్గరికి పంపండి, కచేరీ చేస్తా."

"వాగుదాకా ఎందుకూ? ఇక్కడే చెయ్యరాదూ?" అంది మేక మంగి.

"అక్కడైతే గట్ల మధ్య గొంతు ఖంగున మోగుతుందక్కా!"

నక్క వినయం ఎవరికి తెలియదు? అయినా అవ్వ పేరు చెప్పేసరికి పుల్లన్న మెత్తబడింది.

"సరే, ముందు మేం వింటాం. కానియ్యి."

నక్క బండెక్కి జలుబు కోడిపుంజులా కూసింది. అచ్చం అవ్వే! పుల్లన్న గుండె చెరువైంది. మన పిల్లలూ ఇది వినాలి, పంపేద్దాం అనుకుంది.

అంతలో నక్క "మే... ఏ!" అంది. తన పిల్లే పిలిచిందనుకుని మంగి ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

పుల్లన్న నెమరు ఆపేసింది.

"ఈ మేక గొంతు ఎవరు నేర్పార్రా?"

"ఇంకెవరు, అవ్వే!"

"అవ్వ ఏనాడూ మేకను మొదటిసారే సరిగ్గా అనలేదురా. మేక అని చెప్పి పిల్లిలా అరిచేది. 'అది కాదవ్వా, మేక!' అని మేం గోలపెడితే 'ఏమన్నారర్రా?' అని చెవి ఒగ్గేది. మూడుసార్లు అరిపించుకున్నాకే సరిగ్గా అనేది. అవ్వకు నేనే నేర్పానని మా అమ్మతో గొప్పలు పోయేవాణ్ణి." అది నక్క వైపు తిరిగింది. "ఇంత నిక్కచ్చిగా మేకపిల్లలా అరవాల్సిన అవసరం ఎవరికిరా? మేకపిల్లను తల్లి చాటు నుంచి బయటికి పిలవాలనుకునేవాడికే!"

మంగి కొమ్ములు వంచింది. నక్క తోక ముడిచి పరుగెత్తింది, వాగు దాటేదాకా ఆగలేదు.

"మరి కచేరీ?" అని, కచేరీ ఉందని విని అప్పుడే దొడ్డిలోంచి వచ్చిన పిల్లలు బిక్కమొహాలు వేశాయి.

పుల్లన్న బండి దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది. "ఇదిగో, మేక!" అంది. తీరా నోరు తెరిస్తే "అంబా" అనే వచ్చింది.

"అది కాదు తాతా, మేక!" అని పిల్లలన్నీ ఒక్కసారి అరిచాయి. వాటికి ఎవరూ నేర్పలేదు.

పుల్లన్న కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. చెవి ఒగ్గి, "ఏమన్నారర్రా?" అంది.

పిల్లల చేతిలో ఓడిపోయినవాళ్ళే పిల్లల మనసులో మిగిలిపోతారు.